147 డాలర్ల వడగాలి

ముందు బిల్లు చెప్తాను, కథ తరవాత. సైటు, అంటే బండి నిలుపుకునే చోటు, దాని అద్దె 59 డాలర్లు. రిసార్ట్ ఫీజు 15. మనం ఎంచుకున్న సైటు ఇంకొకరికి పోకుండా 'లాక్' చేసినందుకు 25. ఇద్దరికి మించి మనుషులున్నారు కాబట్టి మిగతా నలుగురికీ తలకి 8 చొప్పున 32. వీటన్నిటి మీద పన్ను 15.72. వెరసి 146 డాలర్ల 72 సెంట్లు. ఇంత పోసి అరిజోనా ఎడారిలో, ఆర్వీలనే ఇల్లులాంటి బండ్లు ఆపుకునే ఆ పార్కులో మేము ఉన్నది నాలుగున్నర గంటలు. పార్కు పేరు రాయను. రాయాలని చెయ్యి దురద పెడుతోంది కానీ మా ఆయన వద్దన్నారు.

2022 జూన్ సంగతి ఇది. అమ్మా నాన్నా తణుకు నించి మా దగ్గరికి డాలస్ వచ్చి అప్పటికి నెలన్నర. నాన్న ఆర్టీసీలో 29 ఏళ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. అంతకుముందోసారి వచ్చినప్పుడే రోడ్డు మీద పెద్ద ఆర్వీలు వెళ్తుంటే కిటికీలోంచి తల తిప్పి మరీ చూసేవారు. మన దగ్గర షూటింగుల్లో హీరోల కోసం నిలబెట్టే క్యారవాన్ లాంటిదే, కాకపోతే ఇక్కడ మామూలు మనుషులు అద్దెకి తీసుకుని ఊళ్లు తిరుగుతారని చెప్తే, "ఇల్లూ బస్సూ ఒకటే అయితే ఇంక డ్యూటీ దిగడమనేదే ఉండదు కదమ్మా" అన్నారు. ఆ ఒక్క మాటకి మా ఆయన పడిపోయారు. లాస్ వేగాస్ దాకా ఫ్లైట్, అక్కడ 28 అడుగుల బండి అద్దెకి, ఏడు రాత్రులు: జయాన్ జాతీయ పార్కులో రెండు, బ్రైస్ కాన్యన్ పార్కులో ఒకటి, పేజ్ అనే ఊళ్లో ఒకటి, గ్రాండ్ కాన్యన్‌లో రెండు, తిరుగుదారిలో ఆ దిక్కుమాలిన చోట ఒకటి. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, అమ్మా నాన్నా, ఆరుగురం.

జాతీయ పార్కుల లోపలి క్యాంప్‌గ్రౌండ్లు చాలావాటికి ఆర్నెల్ల ముందు బుకింగ్ తెరుస్తారు. జూన్‌లో కావాలంటే డిసెంబర్‌లో, ఆ తేదీ ఉదయం, రిక్రియేషన్ డాట్ గవ్ అనే బుకింగ్ వెబ్‌సైటు ముందు కాచుక్కూచోవాలి. మాకు డాలస్ టైములో తొమ్మిదింటికి. నేనో లాప్‌టాప్, ఆయనో లాప్‌టాప్ పెట్టుకుని తిరుమల దర్శనం టికెట్లకి కూచున్నట్టే కూచున్నాం. రెండు నిమిషాల్లో జయాన్‌లోని వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటున్న సైటు దొరికింది, రాత్రికి 30 డాలర్లు. మూడో నిమిషానికి మొత్తం ఎర్రగా అయిపోయింది. అప్పటికి అమ్మావాళ్ల టికెట్లు కూడా కొనలేదు, వీసా మటుకు ఉంది. అయినా ముందు చోటు పట్టుకోండి, మనుషుల సంగతి తరవాత చూసుకోవచ్చు.

లాస్ వేగాస్‌లో బండి ఇచ్చేటప్పుడు ఓ అమ్మాయి పావుగంటలో గబగబా అంతా చూపించేసింది. మంచినీళ్ల ట్యాంకు, గిన్నెలూ స్నానాల నీళ్లు పడే గ్రే ట్యాంకు, టాయిలెట్‌ది బ్లాక్ ట్యాంకు, గ్యాసు, జనరేటరు, మంచంగా మారే సోఫా. నాన్న శ్రద్ధగా విని, అర్థమైనట్టు తలూపి, ఆ అమ్మాయి వెళ్లాక "ఏం చెప్పిందే?" అని నన్నడిగారు.

ఆర్వీలో ముందు నేర్చుకోవాల్సింది రివర్సు. సైట్లు రెండు రకాలు: ఇటు నించి అటు నేరుగా దూసుకుపోయేవి, వెనక్కి నడిపి పెట్టాల్సినవి. మాది రెండోది. 28 అడుగుల బండి, ఒక పక్క చెట్టు, ఇంకో పక్క కరెంటు డబ్బా, వెనక బల్ల. మా ఆయనకి చెమటలు పట్టాయి. అప్పుడు నాన్న దిగారు. వెనక నిలబడి, అరచేత్తో బండి డొక్క మీద టపటపా కొడుతూ "రైట్... రైట్... రైట్... కొంచెం ఎడమకి అల్లుడు గారూ... రైట్... హోల్డాన్!" ఒక్క ముక్క ఇంగ్లీషు రాని మనిషి, ఆ మూడు మాటలతో బండిని గీత గీసినట్టు పెట్టించారు. పక్క సైటులో కుర్చీ వేసుక్కూచున్న తెల్లాయన చప్పట్లు కొట్టాడు. ఆ ఏడు రోజులూ రివర్సు డిపార్ట్‌మెంట్ నాన్నదే, బండికున్న కెమెరాని ఎవరూ పట్టించుకోలేదు.

వాచ్‌మన్ గురించి ఎంత చెప్పినా తక్కువే. వర్జిన్ నది పక్కనే పారుతుంటుంది, తలెత్తితే ఎర్రటి కొండ, చీకటి పడే వేళకి జింకలు బల్లల మధ్యే తిరుగుతుంటాయి. షటిల్ బస్సు ఎక్కే చోటికి నడిచి వెళ్లొచ్చు. సీజన్లో లోయలోకి సొంత బండ్లని పోనివ్వరు, అందరూ షటిల్‌లోనే వెళ్లాలి, అది ఉచితం. నాన్న ప్రతి ట్రిప్పులోనూ డ్రైవర్ వెనక సీటే ఎక్కారు. ఆఖరి స్టాపులో దిగి, నది ఒడ్డున మైలు నడిచి, నీళ్లలోంచే నడిచే చోటికి వెళ్లి లుంగీ పైకి కట్టుకుని మోకాలి లోతుకి దిగిపోయారు. లోటు ఒక్కటే, క్యాంప్‌గ్రౌండ్‌లో స్నానాలకి షవర్లు లేవు. టాయిలెట్లు ఉన్నాయి, శుభ్రంగానే ఉన్నాయి.

ఈ టాయిలెట్ల సంగతి మీకు చిన్న విషయంలా కనిపించొచ్చు, మా యాత్ర సగం దాని చుట్టూనే తిరిగింది. ఆర్వీలో బాత్రూమ్ అంటే అట్టముక్క లాంటి తలుపు, ఆ తలుపుకి రెండడుగుల దూరంలో అల్లుడు గారు కూచుని కాఫీ తాగుతుంటారు. అమ్మ మొదటి రోజే చెప్పేసింది, చచ్చినా అందులోకి వెళ్లనని. తెల్లవారుజామున నాలుగింటికి టార్చి పట్టుకుని, చీర మీద స్వెటర్ వేసుకుని, క్యాంప్‌గ్రౌండ్ టాయిలెట్‌కి నడిచేది. తోడు నేను. అత్తగారినో అమ్మనో తీసుకెళ్లేవాళ్లు ఫొటోలూ సమీక్షలూ అన్నీ చూసుకోండి కానీ, మ్యాపులో టాయిలెట్ బొమ్మ ఎక్కడుందో చూసి, దానికి నాలుగు సైట్ల లోపు బుక్ చేసుకోండి. పక్కనే వద్దు, రాత్రంతా తలుపు చప్పుడు.

మొదటి సాయంత్రం పులిహోర. అమ్మ చింతపండు గుజ్జు ఇంటి దగ్గరే ఉడికించి సీసాలో తెచ్చింది, ఇంక పోపే తరవాయి. బండి లోపలి స్టవ్ మీద నూనె కాగింది, ఆవాలు చిటపటమన్నాయి, ఎండుమిరపకాయలు పడ్డాయి, ఇంగువ పడింది, అంతే, నెత్తి మీద అలారం కొంప మునిగినట్టు అరవడం మొదలెట్టింది. చిన్నోడు చెవులు మూసుకుని ఏడుపు. మా ఆయన అట్టపెట్టె మూతతో విసురుతున్నారు, నేను కిటికీలు తెరుస్తున్నాను, అమ్మ మటుకు గరిటె వదలకుండా "మాడిపోతుందే, ఒక్క నిమిషం" అంటోంది. పక్క సైటు నించి ఇద్దరు పరిగెత్తుకొచ్చారు. వాళ్ల వెనకాలే క్యాంప్ హోస్టు. రిటైరైన పెద్దాయన, అక్కడే తన ఆర్వీలో ఉంటూ క్యాంప్‌గ్రౌండ్ చూసుకుంటాడు, సైటు ఊరికే ఇస్తారు కాబట్టి జీతం లేకుండా చేసే పని. తిడతాడనుకున్నాం. లోపలికి తల పెట్టి, గట్టిగా తుమ్మి, "ఇదేదో బాగుండేలా ఉందే" అన్నాడు. రాత్రి ఆయనకో పేపరు ప్లేటు పంపాం. పొద్దున్న ప్లేటు తిరిగిచ్చి, దాంతోబాటు ఓ సలహా ఇచ్చాడు: వంట బయట బల్ల మీద చేసుకోండి, లోపల ఏసీ నడుస్తుండగా ఇండక్షన్ పెట్టకండి. లెక్క కూడా వేసి చూపించాడు. 30 ఆంపుల కనెక్షనంటే 120 వోల్టుల మీద 3,600 వాట్లు. ఏసీ దాదాపు పదిహేను వందలు లాగుతుంది, ఇండక్షన్ పద్ధెనిమిది వందలు, ఇంకెవరైనా మైక్రోవేవ్ నొక్కారా, బ్రేకరు పడిపోతుంది. ఈ లెక్క తరవాత మాకు బాగా పనికొచ్చింది.

జయాన్ నించి బయల్దేరే పొద్దున్న డంపింగ్. బ్లాక్ ట్యాంకు ఖాళీ చేయాలన్నమాట. డంప్ స్టేషన్‌లో నేలలో ఓ మూత ఉంటుంది, బండి కింద నించి గొట్టం తీసి అందులో పెట్టి వాల్వు లాగాలి. మా ఆయన గ్లవ్స్ వేసుకుని వంగేసరికి అమ్మ కిటికీలోంచి చూసి గుండెలు బాదుకుంది. "ఏమండీ, చూస్తూ కూచున్నారేంటి? అల్లుడి చేత ఆ పని చేయిస్తారా? లోకం ఏమనుకుంటుంది?" ఉటా రాష్ట్రంలో ఆ కొండల మధ్య ఏ లోకమో నాకు తెలీలేదు. నాన్న దిగి "నేను చేస్తాను, మీరు లేవండి అల్లుడు గారూ" అంటారు, ఈయనేమో "వద్దు మావయ్య గారూ, మీరు కూచోండి" అంటారు, వెనక మూడు బండ్లు లైన్లో ఉన్నాయి. చివరికి ఒకరు గొట్టం పట్టుకుంటే ఒకరు వాల్వు లాగారు. ముందు బ్లాక్, తరవాత గ్రే. ఆ సబ్బునీళ్లతో గొట్టం తనంతట తనే కడుక్కుపోతుంది, తిరగేసి చేశారో మీ ఖర్మ. దళసరి గ్లవ్స్ ఓ డబ్బా కొనుక్కోండి, అద్దెవాళ్లిచ్చే పల్చటివి చాలవు. అమ్మ ఆ రోజు మధ్యాహ్నం దాకా మా ఆయన మొహం చూళ్లేదు, కానీ ప్లేట్లో అప్పడాలు మాత్రం రెండెక్కువ పడ్డాయి.

జయాన్ దాటి తూర్పుకి వెళ్లాలంటే 1930లో పూర్తయిన సొరంగం గుండా పోవాలి, 1.1 మైలు. అప్పట్లో మన బండి ఎత్తు 11 అడుగుల 4 అంగుళాలు దాటితే 15 డాలర్లు కట్టించుకుని, అవతలి నించి వచ్చే ట్రాఫిక్ ఆపి, మనల్ని రోడ్డు నడిమధ్యన పోనిచ్చేవారు. ఎదురుగా ఆగిన కార్ల వరస చూసి నాన్న "ముఖ్యమంత్రి కాన్వాయ్‌లా ఉంది" అని చెయ్యి ఊపారు. అన్ని డబ్బుల్లోకీ ఈ 15 డాలర్లే బాగా గిట్టుబాటయ్యాయి. మీరు వెళ్లేముందు పార్కు వెబ్‌సైటులో చూసుకోండి, 2026 జూన్ నించి అంత పెద్ద బండ్లని ఈ దారిలో పోనివ్వమని ప్రకటించారు.

బ్రైస్‌లో నార్త్ క్యాంప్‌గ్రౌండ్, 30 డాలర్లు, కరెంటూ లేదు, సైటు దగ్గర నీళ్ల కనెక్షనూ లేదు. 8,000 అడుగుల ఎత్తు. పగలు చొక్కాతో తిరిగాం, రాత్రి దంతాలు కొట్టుకున్నాయి. హీటరు గ్యాసుదే అయినా దాని ఫ్యాను బ్యాటరీ మీద నడుస్తుందని మాకు తెలీదు. పిల్లలు పొద్దుపోయేదాకా లైట్లన్నీ వేసి ఉంచారు. తెల్లవారుజామున మూడున్నరకి ఫ్యాను మూలిగి ఆగిపోయింది, ఆ వెంటనే ఏదో యంత్రం నిమిషానికోసారి 'బీప్' అనడం మొదలెట్టింది. రాత్రిపూట జనరేటరు వేయకూడదు, కచ్చితమైన రూలు. నాన్న మంకీ క్యాపుతో, అమ్మ రెండు దుప్పట్లు కప్పుకుని, పిల్లలిద్దరూ మా మధ్య దూరి, అందరం ఒకే మంచం మీద కూచున్నాం. నిద్ర ఎటూ పోయిందని పెద్దదాన్ని తీసుకుని బయటికొస్తే, చెప్పలేనన్ని చుక్కలు. పాలపుంత అంటే తెల్లటి పొగలాంటి గీత అని పుస్తకాల్లో చదవడమే, అది నిజంగా అలాగే ఉంటుంది. నాన్న చిన్నప్పుడు కోతలయ్యాక చేలో కాపలా పడుకున్నప్పుడు ఇలా కనపడేదట. యాభై ఏళ్లయింది చూసి, అన్నారు. బ్రైస్‌కి వెళ్తే చలికి ఏడవకుండా లైట్లు తగ్గించుకోండి, సాయంత్రం జనరేటరుకి అనుమతి ఉన్నప్పుడే గంటసేపు వేసి బ్యాటరీ నింపుకోండి. బ్యాటరీ పోయినందుకు అద్దెవాళ్లని తిట్టుకున్నాను కానీ తప్పు మాదే.

పేజ్‌లో ఏ గొడవా లేదు. సరస్సు పక్కన అన్ని హంగులూ ఉన్న పార్కు, 68 డాలర్లు, వేడినీళ్ల స్నానాలు, బట్టలుతుక్కునే మిషన్లు. అమ్మ మొహం మూడు రోజుల తరవాత అక్కడే వికసించింది. ఆ ఏడాది సరస్సు బాగా ఎండిపోయి, గోడల చుట్టూ బకెట్‌కి పట్టిన చారలా తెల్లటి పట్టీ కనిపిస్తోంది. ఆ సరస్సుని నిలిపిన గ్లెన్ కాన్యన్ డ్యామ్ ఎత్తు 710 అడుగులని చెప్తే నాన్న వంతెన మీద నించి కిందకి చూసి, "ఎత్తుదేముంది, కాంక్రీటు ఎవడైనా పోస్తాడు, మన సాగర్ రాయి మీద రాయి పేర్చి కట్టింది" అని తేల్చేశారు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఉటా నించి అరిజోనాలోకి వస్తే వేసవిలో గడియారం గంట వెనక్కి వెళ్తుంది, మిగతా రాష్ట్రాల్లోలా వేసవిలో గడియారాన్ని గంట ముందుకి జరిపే 'వేసవి టైము' అరిజోనా వాళ్లు పాటించరు. ఆ రాష్ట్రంలోనే ఉన్న నవహో నేషన్ అనే ఆదివాసీ ప్రాంతం వాళ్లు మాత్రం పాటిస్తారు. ఫోన్‌ని నమ్ముకుని ఆంటెలోప్ కాన్యన్ టూరుకి గంట ముందే వెళ్లి ఎండలో నిలబడ్డాం.

పేజ్ నించి గ్రాండ్ కాన్యన్‌కి వెళ్లే దారి చాలామటుకు నవహో వాళ్ల నేల. కామెరన్ దాటాక రోడ్డు పక్క చెక్క పందిరి కింద ఓ పెద్దావిడ నూనెలో రొట్టె వేయిస్తోంది. ఫ్రై బ్రెడ్. అరచేయంత పిండి ముద్దని రెండు చేతుల మధ్య అటూ ఇటూ కొడుతూ సాగదీసి, మధ్యలో వేలితో చిన్న చిల్లు పెట్టి, నూనెలోకి జార్చింది. అచ్చం మా అమ్మ బూరెలు వేసేటప్పుడు చూపులు ఎలా ఉంటాయో ఆవిడ చూపులూ అలాగే నూనె మీదే. పొంగి, బంగారు రంగుకొచ్చి, పైన చిక్కుడు గింజల కూర, ఉల్లిపాయలు, టమాటా. 12 డాలర్లు, ఒకటి ఇద్దరికి సరిపోయింది. ఆ రోజు శనివారం, అమ్మ నీచు ముట్టదు. ఏ నూనె, కొవ్వు కాదు కదా అని నన్ను అడగమంది. 1860లలో ఆ జనాన్ని వాళ్ల నేల నించి తరిమేసి సైన్యం పడేసిన మైదా, పందికొవ్వుతోనే ఈ రొట్టె పుట్టిందని చదివాను కాబట్టి అడగడం మంచిదే అనిపించింది. కూరగాయల నూనే అంది ఆవిడ, డబ్బా కూడా చూపించింది. అమ్మ ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, "మైదా పూరీ. కాస్త సోడా వేసింది. బాగా కలిపింది" అని సర్టిఫికెట్ ఇచ్చింది. ఏడు రోజుల్లో అమ్మ బయటి తిండిని మెచ్చుకున్నది అదొక్కసారే.

గ్రాండ్ కాన్యన్‌లో మాథర్ క్యాంప్‌గ్రౌండ్, అప్పట్లో రాత్రికి 18 డాలర్లు. మళ్లీ రాస్తున్నాను, 18. కరెంటు లేదు, 30 అడుగులు దాటిన బండ్లని రానివ్వరు, షవర్‌కి వేరే డబ్బులు, మంటలు వేసుకోవడం ఆ వేసవిలో నిషేధం. అయినా దేవదారుల్లాంటి చెట్ల కింద విశాలమైన చోటు, లోయ అంచుకి ఉచిత బస్సు. పొద్దున్న తలుపు తీసేసరికి గుర్రమంత ఎల్కు, అదో రకం పెద్ద దుప్పి, బల్ల మీద అమ్మ ఆరేసిన తువ్వాలు వాసన చూస్తోంది. ఇంకేం చెప్పను, లోయ గురించి అందరూ రాసిందే.

పార్కుల ప్రవేశాల లెక్క ఒకటి. అప్పట్లో జయాన్, బ్రైస్, గ్రాండ్ కాన్యన్ బండికి 35 చొప్పున, గ్లెన్ కాన్యన్ 30, మొత్తం 135. మేము 80 డాలర్లకి ఏడాది పాసు తీసుకుంటే బండిలో ఉన్న అందరికీ అన్నిచోట్లా సరిపోయింది. అమ్మావాళ్లకి అరవై రెండు దాటాయి కదా, సీనియర్ పాసు తీసుకుందామనుకోకండి, అది పౌరులకీ గ్రీన్‌కార్డు వాళ్లకే.

ఇప్పుడు అసలు చోటు.

గ్రాండ్ కాన్యన్ నించి లాస్ వేగాస్ ఒక్క రోజులో వెళ్లిపోవచ్చు. బండి తిరిగివ్వాల్సింది పొద్దున్న కాబట్టి దారిలో ఒక రాత్రి ఆగుదామన్నాను. ఆలోచన నాదే, ఒప్పుకుంటున్నాను. ఏడు వేల అడుగుల చల్లదనం నించి ఎడారిలోకి దిగుతుంటే గంటగంటకీ వేడి పెరిగి, సాయంత్రం ఐదింటికి ఆ పార్కు గేటు దగ్గర 43 డిగ్రీలు. ఫొటోలో ఈతకొలను, ఖర్జూర చెట్లు, 'రిసార్ట్' అని బోర్డు. చూస్తే కొలనుకి తాళం, ఖర్జూర చెట్లు రెండు. సైట్లు ఎంత ఇరుకంటే పక్క బండివాళ్ల టీవీలో యాడ్స్ మాకు వినపడుతున్నాయి.

కౌంటర్లో ఆయన మొదట మనుషుల్ని లెక్కపెట్టాడు. పిల్లాడికి ఐదేళ్లండీ అంటే "తల ఉందిగా" అన్నాడు. ఆన్‌లైన్లో 59 అని ఉంది కదా అంటే, కింద చిన్నక్షరాల్లో అంతా ఉందన్నాడు. చూశాను, ఉంది. మా తప్పే అనుకుని కట్టేశాం. ఆరుగురు ప్రయాణిస్తుంటే ప్రైవేటు పార్కుల్లో 'ఎక్స్‌ట్రా పర్సన్' అనే మాట ఎక్కడుందో వెతకండి, చాలా చోట్ల ఇద్దరి లెక్కే.

నాన్న రైట్ రైట్ అన్నారు, బండి పెట్టాం, కరెంటు తగిలించాం, ఏసీ వేశాం. ఐదు నిమిషాలు తిరిగి ఆగింది. మళ్లీ వేశాం, మళ్లీ ఆగింది. ఇండక్షన్ లేదు, మైక్రోవేవ్ లేదు, ఫోన్ చార్జర్లు కూడా పీకేశాం. లోపల 38 అయింది. ఆఫీసుకెళ్తే "మీ బండిలోనే లోపం, అద్దెవాళ్లకి ఫోన్ చేసుకోండి" అన్నాడు. పక్క సైటులోని ముసలాయన మా తిప్పలు చూసి, ప్లగ్గుకి పెట్టే చిన్న మీటరు తెచ్చి మా డబ్బాలో గుచ్చాడు. ఎర్ర అంకెలు: 101. ఉండాల్సింది 120. ఆ వరసలో ఇరవై బండ్లు ఒక్కసారే ఏసీలు వేస్తే పాత వైర్లు తట్టుకోలేక వోల్టేజీ పడిపోతోంది, అలా తక్కువ వోల్టేజీ మీద నడిపితే కంప్రెసర్ కాలిపోతుందట, ఆయన ఏసీ కూడా ఆపుకుని తడిగుడ్డ మెడకి చుట్టుకుని కూచున్నాడు. నెలకింత అని కట్టి ఉంటున్నాడు, ఎక్కడికీ పోలేడు పాపం.

మీటరు ఫొటో తీసుకుని మళ్లీ ఆఫీసుకి వెళ్లాం. ఈసారి నాన్న కూడా వచ్చారు. ఆ మనిషి ఫొటో చూడనన్నాడు. వేరే సైటు ఇవ్వమంటే, ఇస్తాను కానీ 'లాక్' డబ్బులు మళ్లీ 25 కట్టాలన్నాడు. పోనీ జనరేటరు వేసుకుంటామంటే ఇక్కడ జనరేటరు నిషేధం అన్నాడు. డబ్బు తిరిగివ్వమంటే గోడ మీద కాగితం చూపించాడు. పెళ్లయిన పదమూడేళ్లలో మా ఆయన గొంతు పెరగడం నేను అప్పుడే విన్నాను. నాన్న అంతా విని, కౌంటరు మీద చెయ్యి పెట్టి, నెమ్మదిగా తెలుగులోనే అడిగారు: "టికెట్ కొట్టాక సీటివ్వాలి కదయ్యా? సీటు లేదంటే డబ్బులివ్వాలి. బండి చెడిపోతే మేం వేరే బస్సెక్కించేవాళ్లం, మళ్లీ టికెట్ కొట్టేవాళ్లం కాదు." నేను అనువదించాను. ఆయన "తరవాతెవరు?" అన్నాడు. మా వెనక ఎవరూ లేరు.

అప్పటికి అమ్మ తల తిరుగుతోందంది. మొహం ఎర్రబడిపోయింది. చిన్నోడు నేల మీద పడుకుని ఫ్రిజ్ తలుపుకి చెంప ఆనించాడు. అమ్మకి మజ్జిగలో ఉప్పేసి ఇచ్చి, నేనే చెప్పేశాను, పదండి పోదాం, డబ్బులు పోతే పోయాయి. తొమ్మిదిన్నరకి గొట్టాలు పీకేశాం. వెళ్లేముందు బ్లాక్ ట్యాంకు ఖాళీ చేద్దామంటే ఆ సైటు మురుగు గొట్టం నోట్లో అప్పటికే ఎవరిదో నిండి పైకి ఉంది. అది చూశాక ఇంకేమీ అడగాలనిపించలేదు.

జనరేటరు వేసుకుని, ఏసీ పెట్టుకుని, నలభై నిమిషాలు నడిపాక ఓ పెద్ద సూపర్ మార్కెట్ కనిపించింది. ఇలాంటి చోట్ల పార్కింగులో రాత్రి ఆగనిచ్చేదీ లేనిదీ ఆ స్టోరు మేనేజరు ఇష్టం, ఊరి రూలు. అడక్కుండా ఆగకూడదు. లోపలికెళ్లి అడిగితే ఆవిడ "ఆ చివర, లారీల పక్కన పెట్టుకోండి, పొద్దున్నే కదిలితే చాలు" అంది. అద్దె లేదు, తలల లెక్క లేదు. ఏడు రాత్రుల్లో అందరం ఒళ్లెరక్కుండా నిద్రపోయింది అక్కడే, లైటు స్తంభం కింద, లారీల ఇంజన్ల హోరులో. ఊరకే ఉండటం ఎందుకని పొద్దున్న లోపల 60 డాలర్ల సామాన్లు కొన్నాం, అందులో మామిడిపళ్లు కూడా, తీపి లేదు. తరవాత పెట్రోలు బంకులో డంపింగ్‌కి 20 డాలర్లు.

ఆర్వీ చవక అని ఎవరన్నా చెప్తే నమ్మకండి. అద్దె రాత్రికి 189 చొప్పున 1,323, మైలుకి 39 సెంట్లు, 900 మైళ్లకి 351, గిన్నెలూ దుప్పట్ల కిట్టు 240, పన్నులూ వగైరా 160, సైట్లన్నీ కలిపి 340 చిల్లర. పెట్రోలు గ్యాలన్ ఐదు దాటిన నెల అది, బండి గ్యాలన్‌కి తొమ్మిది మైళ్లు, 523 అయింది. రమారమి 2,940. వ్యానూ రెండు మోటెల్ గదులూ తీసుకున్నా అటూఇటూగా అంతే పడేది, అమ్మకి బాత్రూమ్ దక్కేది. మళ్లీ వెళ్తారా అంటే వెళ్తాను, పార్కుల లోపల చోటు దొరికితేనే, అక్టోబర్‌లోనే.

ఆ 146.72 కోసం కార్డు కంపెనీకి మీటరు ఫొటో, మురుగు గొట్టం ఫొటో, రెండూ పంపాను. ఏడు వారాలకి 87.72 వెనక్కొచ్చింది, 59 మాత్రం మీరు అక్కడ ఆగారు కాబట్టి ఇవ్వమన్నారు. అప్పటికి అమ్మావాళ్లు తణుకు వెళ్లిపోయారు. ఫోన్లో నాన్నకి చెప్తే కాసేపు లెక్కేసుకుని, "నాలుగున్నర గంటలకి యాభై తొమ్మిదా? మా లగ్జరీ కంటే ఎక్కువే" అన్నారు. అమ్మ వెనకనించి, అల్లుడు గారు తిన్నారా అని అడుగుతోంది.